మాటే తాడు

కీచుమంటూ బ్రేకులు పడ్డాయి. బస్సు అడుగు దూరంలో ఆగింది. రోడ్డు మధ్యలో కూర్చున్న ఎర్రకుక్క మాత్రం చెవి కూడా కదపలేదు.

డ్రైవరు కాశీంసాబుకు అసలే ముక్కుమీద కోపం. యుద్ధం పుణ్యమా అని పెట్రోలు దొరక్క, బొగ్గు మంటతో నడిచే బస్సు అది. ఒకసారి ఆగిందంటే మళ్లీ కదలడానికి తాతలు దిగిరావాలి. అందుకే ఆళ్లగడ్డలో బయల్దేరితే నంద్యాల చేరేదాకా దారిలో దేవుడు అడ్డమొచ్చినా ఆపడు. అలాంటి బస్సును ఒక కుక్క ఆపింది! ఇంజను తిప్పే ఇనుప హ్యాండిలు పట్టుకుని కిందికి దూకాడు.

"ఎవుర్దిరా ఈ కుక్క? ఈ పొద్దు దీన్ని సంపుతా!"

రోడ్డు పక్క తుమ్మచెట్టు నీడలో ఇద్దరు ఆడవాళ్లు మూట పెట్టుకుని కూర్చున్నారు. వాళ్ల దగ్గర్నుంచి ఒకడు పరుగున వచ్చాడు. పక్క పాళెం మనిషి, లాజరు.

"కొట్టొద్దు సాబూ! నాదే. బిడ్డ మాదిరి సాకినా."

"సాకితే తాడేసి కట్టుకో. లేకుంటే ఈడనే తల పగలగొడ్తా."

"దీనికి తాడు పన్లేదు సాబూ. మాటే తాడు."

బస్సు కిటికీలోంచి నాగసుబ్బయ్య శెట్టి పకపకా నవ్వాడు. "మాటినే కుక్క బస్సుకు అడ్డమొస్తాదా? కుక్కతోక వంకరని ఊరికే అన్నారా!"

"మాటినకుంటే నువ్వే సంపు సాబూ." లాజరు కుక్క వైపు తిరిగాడు. "బంటూ, రా!"

కుక్క లేచి వచ్చి అతని ఎడమకాలి పక్కన నిలబడింది. లాజరు నడిస్తే నడిచింది, ఆగితే ఆగింది. అంతలో మేకల మంద రోడ్డు దాటింది. ఒక మేకపిల్ల సరిగ్గా దాని మూతి ముందే గెంతింది. బంటు తల తిప్పలేదు.

కాశీంసాబు అంత తేలిగ్గా వదిలే రకమా? తన సద్దిగిన్నెలోంచి మాంసం ఎముక తీసి దాని ముందు పడేశాడు. బంటుకు చొంగ కారుతోంది, కానీ చూపు ఎముక మీద లేదు, లాజరు మొహం మీద ఉంది. ప్రయాణికులంతా దిగొచ్చి చుట్టూ మూగారు. శెట్టీ దిగాడు.

"ఊఁ, తిను," అన్నాడు లాజరు. అప్పుడు ముట్టింది.

"ఔరా!" శెట్టి ముక్కున వేలేసుకున్నాడు.

చేతిలోని హ్యాండిలు ఎప్పుడు దిగిపోయిందో కాశీంసాబుకే తెలీదు. "ఎట్ల నేర్పినావప్పా?"

"పిల్లప్పుడు మూరెడు తాడు కట్టినా. రోజూ రోంత పొడుగు చేస్తా వచ్చినా. ఎంత దూరముండినా పిలిస్తే రావల్ల. ఒగ పొద్దు తాడిప్పేసినా. అదింకా ఉండాదనుకునే నడుస్తాండాది, పిచ్చిది."

సాబు గొంతుక్కూర్చుని కుక్కనే చూశాడు. ఇంత గొప్ప జీవాన్నా తను చంపబోయింది! దాని తల నిమిరాడు. "శానా మందిని సూసినా లాజరూ. ఇట్ల మాటినేటోన్ని మనుషుల్లో గూడ సూళ్లేదు."

అంతలో అతనికొక అనుమానం వచ్చింది. "అది సరేగానీ, ఇంత మాటినేది బస్సుకు అడ్డమెట్ల కూచ్చునింది? నువ్వు పిలిచింటే పక్కకు వచ్చేది గదా!"

లాజరు తల తిప్పి బస్సు వైపు చూశాడు. సాబు కూడా చూశాడు. తుమ్మచెట్టు నీడ ఖాళీగా ఉంది. బస్సు వెనక సీట్లో లాజరు పెళ్లాం జ్ఞానమణి, నిండు చూలాలు, అత్త భుజం మీద వాలి నొప్పులకు కొంగు కరుచుకుని ఉంది.

"నేనే కూచ్చోమన్నా సాబూ," చేతులు జోడించాడు లాజరు. "మనుషులం చెయ్యెత్తితే నువ్వు ఆపవు గదా!"