మలుపు మీది కాగితంపూలు

మాఘం వెళ్ళిపోతోంది. రంగనాథ్ గులాబీల ఎండుకొమ్మలు కత్తిరిస్తుంటే గేటు అవతల టక్‌టక్‌మని చప్పుడైంది.

మాసిన లుంగీ మనిషి ఎవడో, రోడ్డు మీదికి వాలిన కాగితంపూల కొమ్మల్ని కత్తితో కొట్టేస్తున్నాడు.

"ఏయ్! ఏటి సేస్తన్నావు?"

"మలుపు కనపడ్డం నేదు బాబూ. ఈ పక్క కాస్త తీసేస్తే సాలు."

"నిన్నెవుడు పిలిసినాడు?"

"ఎవులూ పిలవనేదు. యేటా ఈ రోజుల్లో వచ్చి కొట్టి పోతాను. ఇదివరకున్నోళ్ళు ఏటీ అనీవోరు కాదు."

రంగనాథ్‌కి నవ్వొచ్చింది. రైల్వేలో రిటైరై ఝపటాపూర్‌లో ఈ ఇల్లు కొన్నదే తోట కోసం. పచ్చికలో ఎండుటాకు ఒక్కటి కూడా ఉండనివ్వడు. ఆ పూలగుబురు ముందు దారిన పోయేవాళ్ళు ఆగి ఫొటోలు తీసుకుంటున్నారు.

"యేటా వస్తావా! దొంగతనానికి సీజన్ కూడా ఉందన్నమాట. పొయ్యిలోకి పుల్లలు కావాలంటే అడుక్కో, పడేస్తాను."

"పుల్లలు నాకొద్దు బాబూ. మలుపొక్కటీ..."

"నీ మొహానికి మలుపొకటి!" కత్తి లాక్కుని మురికికాలవలోకి విసిరేశాడు. "మళ్ళీ కనపడినావంటే పోలీసులకి పట్టిస్తాను."

ఆ మనిషి కాలవలోకి దిగి కత్తి వెతుక్కున్నాడు. బురదకాళ్ళతో నిలబడి, "దండం పెడతాను బాబూ, మీరైనా కొట్టించండి," అన్నాడు.

రంగనాథ్ పచ్చిక తడుపుతున్న పైపు తీసి అతని కాళ్ళ మీదికి తిప్పాడు. "కడుక్కుని దయచెయ్."

"అదేటండీ, పెద్దాయన కదా," అంది వరండాలోంచి భార్య త్రిపురసుందరి.

"పెద్దాయనా! ముష్టివెధవ!"

ఫాల్గుణంలో గుబురు ఇంకా చిక్కబడి రోడ్డు మీదికి పాకింది.

ఒక ఉదయం పాలపాకెట్టుకని గేటు దాటిన త్రిపురసుందరిని మలుపు తిరుగుతున్న టోటో బ్యాటరీ రిక్షా గుద్దేసింది. తుంటి ఎముక విరిగింది.

"మనిషి కనపడలేదు దాదా," అంటూ టోటో అతను ఏడ్చాడు.

ఆస్పత్రికి చూడటానికొచ్చిన పక్కింటి ఎవాంజలిన్‌ని రంగనాథ్ గొంతు తగ్గించి అడిగాడు. "మా కొమ్మలు కొట్టడానికి యేటా ఒకాయన వచ్చీవోడట. మీకు తెలుసునా?"

"ముసలాయన, సత్యవేదమా? తెలియకేటి అన్నయ్యగారూ! మీరు రాకముందు ఆ మలుపులోనే ఒక స్కూలుపిల్ల లారీ కింద పడి సచ్చిపోయినాది. అప్పటినుంచీ వస్తన్నాడు."

రంగనాథ్ తలవంచుకున్నాడు.

"ఆ పిల్ల తండ్రా?"

"కాదు. ఆ లారీ తోలింది అతనే."