పవర్ సేవర్‌లో పెళ్ళికొడుకు

తలలో చిప్పు లేని పెళ్ళికొడుకు తణుకులో దొరకడం మానేసి పదేళ్లయింది. నీరజను చూడవచ్చిన ప్రద్యుమ్నను కూడా, వాళ్లమ్మ అనసూయమ్మ వీధి గుమ్మంలోనే ఫోన్ తీసి, చిప్పును ‘ఫుల్ పెర్ఫార్మెన్స్’ ప్లానులో పెట్టి మరీ లోపలికి తీసుకొచ్చింది.

ఇక అతను ఆగలేదు. పద్యం పాడాడు. నీరజ ఉద్యోగం గురించి ఆరు తెలివైన ప్రశ్నలు వేశాడు. పకోడీలో వాము వేశారని కనిపెట్టి మెచ్చుకున్నాడు. చెవి వెనక, చిప్పును చల్లబరిచే బుల్లి ఫ్యాను గిర్రున తిరుగుతూనే ఉంది. నీరజ తండ్రి మురిసిపోయి అప్పుడే ముహూర్తాల మాట ఎత్తాడు.

నీరజ మాత్రం కాఫీ గ్లాసు కింద పెట్టింది.

“ఇంట్లో ఈయన ఏ ప్లానులో ఉంటారండీ?”

“పెర్ఫార్మెన్సంతా ఆఫీసుకేనమ్మా,” అంది అనసూయమ్మ. “ఇంట్లో బుర్రతో పనేముంది? పవర్ సేవర్‌లో ఉంచేస్తాం.”

“అయితే అందులో పెట్టి చూపించండి. నేను కాపురం చెయ్యాల్సింది ఆయనతోనే కదా.”

అనసూయమ్మ మొహం మాడ్చుకుని ఫోన్లో ప్లాను మార్చింది. ఫ్యాను ఆగింది. ప్రద్యుమ్న కాసేపు పకోడీల వంక, కాసేపు నీరజ వంక చూసి తల్లి వైపు తిరిగాడు.

“అమ్మా, ఈ అమ్మాయి నాకు నచ్చిందా?”