గట్టు వార ఆకు

సిద్ధమ్మ తన పట్టుపురుగుల షెడ్డులోకి పొగాకు వాసన ఉన్న మనిషిని అడుగు పెట్టనిచ్చేది కాదు.

కట్టుకున్న మొగుడైనా సరే, బీడీ తాగితే చేతులు కడిగి, చొక్కా మార్చుకుని రావలసిందే.

పొగాకు సోకితే పట్టుపురుగు తలెత్తి, కక్కి, చచ్చిపోతుంది. పలమనేరు పక్కన పురుగులు పెంచేవాళ్లందరికీ అది తెలిసిందే.

పోయిన పంట రోగమొచ్చి పోయింది. ఈ పంటా పోతే షెడ్డుకు తాళం వేసి కూలికి పోవాలి. పురుగులేమో నేడో రేపో గూళ్లు కట్టేలా ఉన్నాయి.

అలాంటి రోజున, తెల్లవారగానే, ఆమె మల్బరీ తోట గట్టు వార ఎవడో కొమ్మలు నరుకుతున్నాడు.

ఎన్నడూ చూడని మొహం. నరికిందంతా కుప్ప పోస్తున్నాడు. అసలే ఆకు దొరకని కాలం. దొంగే అనుకుంది.

"ఎవురప్పా నువ్వు? ఎవురి తోటనుకున్నావు?"

అతను కొడవలి దించాడు. ఆమె దగ్గరికి వెళ్లేకొద్దీ వెనక్కి వెనక్కి జరిగాడు. ఆ జరగడం చూసి ఆమెకు అనుమానం ఇంకా పెరిగింది.

"ఈ వార ఆకు పురుగులకు ఎయ్యొద్దక్కా."

"ఏం, నీ పురుగులకు కావాల్నా?"

అతను ఏదో చెప్పబోయాడు. అంతలో గాలి ఇటు తిరిగింది. గుప్పుమని పొగాకు కంపు.

సిద్ధమ్మకు ఒళ్లు మండిపోయింది. వీడు దొంగ కూడా కాదు, తన పంట చూసి ఓర్వలేనివాళ్లెవరో పంపిన మనిషి. మట్టిగడ్డ తీసి విసిరింది. భుజానికి తగిలింది.

"నేను షెడ్డు తట్టుకు రానక్కా, నా మాట ఇను..."

రెండో గడ్డ తీసేసరికి తలవంచుకుని వెళ్లిపోయాడు.

భలే తరిమానని తనను తానే మెచ్చుకుంది. వాడు నరికిన ఆకు ఎండబెట్టడం దేనికని, కుప్పంతా మోపు కట్టి మోసుకొచ్చి, పురుగుల మీద పరిచింది.

సాయంత్రానికి పురుగులు తలలెత్తి కక్కసాగాయి. మర్నాటికి ఒక్కటీ కదల్లేదు.

ఆ మనిషే తన కళ్లుగప్పి షెడ్డులో దూరాడని శాపనార్థాలు పెడుతూ, గట్టు అవతల వంకాయ తోట జయరామ్ దగ్గరికి పరుగెత్తింది. కొడవలి పట్టుకున్న మనిషి నీ కంటపడినాడా అని అడిగింది.

జయరామ్ తల ఎత్తకుండానే చెప్పాడు.

"వాడు నా కూలోడే సిద్ధమ్మా, మునిచంద్ర. మొన్న వంకాయలకు పొగాకు కషాయం కొడతా ఉంటే గాలికి నీ గట్టు వార పడింది. నీకు సెప్పొద్దు, గొడవైతాదని నేనే వాని నోరు మూయించినా. నా మాట కాదని, ఆ ఆకు నీ పురుగుల నోటికి పోకుండా నరికి పారేసేదానికే వచ్చినాడు."