నలభై మూడు కిలోమీటర్లు

"నలభైమూడు వచ్చాడు మేడమ్!"

గుమస్తా తలుపు దగ్గర్నుంచే నవ్వాపుకుంటూ చెప్పాడు.

పటాల ఆఫీసులో అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. నోరు తెరిస్తే అదే అంకె మరి.

ఇంజినీరమ్మ కంప్యూటర్ మీంచి తలెత్తకుండానే, "రమ్మను. రెండు నిమిషాలే" అంది.

యాభై దాటిన మనిషి. ఎండకు కమిలిన మొహం. మెడదాకా గుండీలు పెట్టుకున్న ఉతికిన చొక్కా.

"అమ్మా, రేవు నుంచి ఉత్తరపు దీవికి మీ పటంలో ముప్పై ఆరు కిలోమీటర్లే వస్తోంది. నలభై మూడు ఉంది."

"పోయిన నెలా ఇదే చెప్పారు కదండీ."

"పోయిన నెలా నలభై మూడే ఉందమ్మా."

తలుపు అవతల ఎవరో కిసుక్కుమన్నారు.

ఇంజినీరమ్మకు చిర్రెత్తుకొచ్చింది. ఆ సాఫ్ట్‌వేర్ ఆవిడ నాలుగేళ్ళ కష్టం.

"చూడండీ. భూమి గుండ్రం, కాగితం బల్లపరుపు. గుండ్రటిదాన్ని పరిస్తే ఒకచోట సాగుతుంది, ఇంకోచోట నొక్కుకుపోతుంది. అందుకే పటం గీసే పద్ధతులు బోలెడు. ఒకదాంట్లో నేల విస్తీర్ణం సరిగ్గా వస్తుంది, ఒకదాంట్లో దూరం. అవ్వా కావాలి బువ్వా కావాలంటే కుదరదు. ఏ చోటికి ఏ పద్ధతి నప్పుతుందో మా సాఫ్ట్‌వేరే చూసి ఎంచుతుంది. మనిషి చెయ్యి పడదు."

ఆయన శ్రద్ధగా విన్నాడు.

"మరి ఆ దీవికి నప్పనిది ఎంచిందేమోనమ్మా?"

"ఎంచదు."

"ఒక్కసారి చూస్తే..."

"మీరేమైనా సర్వేయరా?"

"కాదమ్మా."

"పోనీ, ఆ దీవిలో చుట్టాలున్నారా?"

"ఎవరూ లేరమ్మా."

"మరి మీకెందుకండీ ఈ గోల?"

ఆయన ఏదో అనబోయి మింగేశాడు.

"ఆ పటం నమ్ముకుని పోయేవాళ్ళు ఉంటారు కదమ్మా" అన్నాడు చివరికి.

"సరే, అర్జీ రాసిచ్చి వెళ్ళండి."

రాసే తెచ్చుకున్నాడు. నాలుగు తేదీలు, నాలుగు కొలతలు, కింద చిరునామా.

ఆవిడ దాన్ని కాగితాల దొంతర అడుగున పెట్టి, "చూస్తాను" అంది. చూడనివాళ్ళు అనే తీరులోనే.

ఆ తర్వాతి నెల ఆయన రాలేదు. ఆ పై నెలా రాలేదు.

"నలభైమూడు బొత్తిగా నల్లపూసైపోయాడు మేడమ్" అన్నాడు గుమస్తా.

ముసురు పట్టిన ఓ మధ్యాహ్నం, బల్ల సర్దుతుంటే ఆ అర్జీ ఆవిడ చేతికొచ్చింది. ఎందుకో పారేయబుద్ధి కాలేదు. ఆ దీవి పేరు సాఫ్ట్‌వేర్‌లో కొట్టింది.

ఎక్కడ ఏ పద్ధతో ఎంచడానికి దేశాన్ని భాగాలుగా చేసిన గీతల్లో ఒకటి సరిగ్గా ఆ దీవి మీంచి పోతోంది. ఎటూ తేల్చుకోలేక సాఫ్ట్‌వేర్, దేశం మొత్తానికి వాడే పద్ధతినే దీవికీ అంటగట్టింది. అది విస్తీర్ణం కాపాడే పద్ధతి. అంత ఉత్తరాన దూరాన్ని నొక్కేస్తుంది.

సరైన పద్ధతి పెట్టి మళ్ళీ కొలిచింది.

నలభై మూడు.



దిద్దడానికి పావుగంట కూడా పట్టలేదు. పాత పటాలు వెనక్కి పంపమని రేవులన్నిటికీ కబురు పెట్టి, గొడుగైనా తీసుకోకుండా ఆ చిరునామాకు బయల్దేరింది.

రేవు వెనక సందు. ఒంటిగది. గుమ్మంలో కుట్టుమిషను ముందు ఒక ముసలావిడ.

"వాడు నా తమ్ముడమ్మా. రెండు నెలలైంది పోయి. నిద్రలోనే గుండె ఆగిపోయింది."

ఇంజినీరమ్మ తలుపు చెక్క పట్టుకుంది.

"నేను పటాల ఆఫీసు ఇంజినీరునండీ. ఆయన చెప్పిందే నిజం. పటం దిద్దాం. ఆ మాట చెబుదామని..."

"దిద్దారా తల్లీ!" ముసలావిడ కొంగుతో కళ్ళొత్తుకుంది. "ఈ మాట వింటే ఆ పూటైనా కడుపునిండా తినేవాడు."

"ఆయన ఏం చేసేవారండీ?"

"ఆస్పత్రి పడవ నడిపేవాడు. ఈ రేవుకి బదిలీ మీదొచ్చిన మూడోనాడే ఆ దీవి నుంచి కబురొచ్చింది, ఓ పసిదానికి ఫిట్సు వస్తున్నాయని. రానూపోనూ డెబ్భై రెండని పటం చూసి, ఎందుకైనా మంచిదని ఎనభైకి డీజిల్ పోయించుకుని వెళ్ళాడు. తిరిగొస్తుంటే, రేవు కంటికి ఆనుతుండగా ఇంజను ఆగిపోయింది. ఇంకో పడవ వెళ్ళేసరికి పిల్ల తల్లి ఒళ్ళోనే పోయింది."



"డీజిల్ అమ్ముకున్నాడన్నారు. తాగి ఉన్నాడన్నారు. ఉద్యోగం ఊడగొట్టారు. ఆ తర్వాత చేపల పడవలవాళ్ళ కాళ్ళావేళ్ళా పడి, వెళ్ళి కొలుచుకొచ్చాడు."

"నాతో ఒక్కసారీ చెప్పలేదే!"

"నేనూ అడిగాను తల్లీ. 'ఉద్యోగం కోసం వచ్చాననుకుంటే పటం ముట్టుకోరక్కా' అన్నాడు. పైగా, 'నా గొడవ చెబితే ఆ ఇంజినీరమ్మ జన్మలో కోలుకోదు' అన్నాడు. ఇందులో నీకేమిటి సంబంధమో నాకర్థం కాలేదు. నాకు చదువు రాదు. ఇదిగో, వాడు దాచుకున్న కాగితం, నువ్వే చూడు."

ట్రంకుపెట్టె అడుగు నుంచి ఉద్యోగం తీసేసిన ఉత్తర్వు తీసి ఇచ్చింది. దానికి పటాల ఆఫీసు ఇచ్చిన ఒక ధ్రువపత్రం కుట్టి ఉంది.

'సదరు పటంలో దూరాలన్నీ సక్రమంగానే ఉన్నవి' అని ఒకటే వాక్యం. దాని కింద, ఏడాది కిందట తీరిక లేక చదవకుండానే పెట్టిన తన సంతకం.