తొలిముద్ద అమ్మమ్మ

ప్రకటనలు ఇప్పుడు తెరల మీదకి రావు. నిద్రలో జ్ఞాపకాలై మనసులో చేరిపోతాయి. తొలిముద్ద అనే కంపెనీ ఆవకాయ ప్రకటన కోసం లిఖిత ఒక అమ్మమ్మని పూర్తిగా ఊహించి తయారుచేసింది. ఆకుపచ్చ గాజులు, ముక్కుపుడక, అన్నం కలిపి పెట్టే చెయ్యి. ఊరంతా ఆ అమ్మమ్మని తలుచుకుంటూ సీసాలు కొంటోంది.

ఆదివారం లిఖిత తల్లి సునంద వచ్చి, ఆవకాయన్నం కలిపి మనవరాలికి ముద్ద అందించింది. పిల్ల మొహం తిప్పేసుకుంది.

“నువ్వు మా అమ్మమ్మవి కాదు. మా అమ్మమ్మకి పచ్చ గాజులుంటాయి.”

లిఖిత పిల్లని దగ్గరికి లాక్కుంది. “పిచ్చిమొద్దూ, గాజులు నేను కల్పించినవే! ముక్కుపుడక ఒక్కటే ఈ అమ్మమ్మది, నేను చిన్నప్పట్నించీ చూసింది.”

సునంద ముద్దని కంచంలో పెట్టేసింది.

“నేనెప్పుడు ముక్కు కుట్టించుకున్నానే?”

లిఖిత వంగి చూసింది. తల్లి ముక్కుకి కుట్టిన గుర్తే లేదు.