ఇచ్చినవాళ్ళనే అడగాలి

"నా తలపాగా యాడ పెట్టినావు?" అన్నాడు రంగరాజన్.

సౌభాగ్యం పెట్టె మూత తీసింది గానీ చెయ్యి లోపల పెట్టలేదు. "తలపాగా కూడానా? వొద్దండీ. వాళ్ళేమన్నా మిమ్మల్ని రమ్మన్నారా, లెక్క చెప్పమన్నారా?"

"అడగలేదని చెప్పకుండా ఉంటే అదేం మర్యాద? గవర్నర్ దొర ముందర నిలబడేదానికి తలపాగా కావల్ల. ఓటుతో నిలబెట్టినోళ్ళ ముందర అక్కర లేదా?"

ఆమె దగ్గర జవాబు ఉంది. కాపురానికి వచ్చినప్పటి నుంచీ మింగిన జవాబుల పక్కనే దాన్నీ చేర్చి, తలపాగా తీసి ఇచ్చింది.

"వచ్చేటప్పుడు పెరటి తట్టు నుంచి రండి. వేణ్ణీళ్ళు కాచి పెడతా."

రంగరాజన్ పుదుచ్చేరి మున్సిపల్ సభకు ఆ ఏడే ఎన్నికయ్యాడు. పాతకాలపు మనిషి. కులాచారం వదులుకుని ఫ్రెంచి చట్టం కిందికి సంతకం పెట్టి పోయేవాళ్ళంటే ఆయనకు పడదు. తేరు వీధిలో సారాయి అంగడంటే పడదు. తనది కానిది తన దగ్గర ఉండటం అన్నింటికన్నా పడదు. మరునాడు ఫ్రెంచివాళ్ళ కొత్త సంవత్సరం. సభ ఆయన్ని మేయరుకు సహాయకుడిగా ఎన్నుకోబోతున్నదని ఊళ్ళో మాట. ఆయన జేబులో మాత్రం రాజీనామా కాగితం ఉంది. దాని మీద ఇంకా సంతకం పడలేదు.

వీధి మలుపులో మేనల్లుడు ధనపాల్ కలిశాడు. ఎన్నిక పనంతా నడిపింది అతనే. ఇద్దరూ సముద్రం వెంట కురుచికుప్పం వైపు నడిచారు. వలలు అల్లుకుంటున్న బెస్తవాళ్ళు ఆ తలపాగాను చూసి పని ఆపారు.

"చూడు మామా, నవ్వతా ఉండారు."

"నవ్వనీ. గెలిచిన దినం నేనూ నవ్వినాను గదా, నీ భుజం తట్టి."

"ఆ ఓట్లు పెట్టెలో పడకుంటే ఆ అళగేశన్ ఉండును నీ కుర్చీలో. వచ్చీరాగానే తేరు వీధిలో సారాయి అంగడి తెరిపించుండును. నేను చేసింది ఊరి కోసమే గదా?"

"నా కోసం చేసినావురా. ఊరు మధ్యలో వచ్చింది."

ధనపాల్ గొంతు తగ్గించాడు. "సరి, అడగల్లంటే అడుగు. మూడుసార్లడిగి ఎవరూ పలకకుంటే ఒప్పుకున్నట్టే గదా, మన కులపంచాయితీలో? 'నేను ఉండేదా' అని అడుగు మామా. అంతే చాలు. నీ మనసుకూ నెమ్మది."

రంగరాజన్ నడక ఆగింది. ఆ ఉపాయం ఆయనకు నిన్ననే తట్టింది. అది తనకు తట్టినందుకే నిన్నటి నుంచీ అన్నం సహించడం లేదు.

సరుగుడు తోపు దాటాక ఆయన చెప్పులు విడిచాడు. అందరూ అక్కడే ఉన్నారు. వీధుల వారీగా కాదు, వచ్చిన వరసలో, పెద్దా చిన్నా తేడా లేకుండా పక్కపక్కనే. మున్సిపల్ సభలో ఇంత నిశ్శబ్దం ఆయన ఏనాడూ ఎరగడు. అక్కడ ఒకరి మాట ఒకరు వినకుండా ఉండటానికే ఎన్నికైనట్టు అరుచుకుంటారు.

ఆయన గొంతు సవరించుకున్నాడు.

"అయ్యలారా, ఏడు ముగిసింది. చేసింది చెప్తాను, చెయ్యనిదీ చెప్తాను. తేరు వీధికి సారాయి అంగడి రాకుండా ఆపినాను. పిల్లకాయల బడిలో మన భాషకు ఒక గంట ఇమ్మన్నాను, చూస్తామన్నారు. మన ఆచారం వదిలిపోయినోళ్ళకు ఓట్లలో ఎక్కువ వాటా వొద్దని కొట్లాడినాను, ఓడిపోయినాను."

ఎవరూ మెచ్చుకోలేదు, గొణగనూ లేదు.

"దురైసామీ, నీ కూతురి పెండ్లి ఆవణి నెలలో బాగా జరిగింది. నీ చోట నేను నిలబడినాను. తప్పైతే చెప్పు. మీ వీధికి కొళాయి మాత్రం తేలేకపోయినాను. ఇంకా ఆ బావి నీళ్ళే తాగతా ఉండారు."

ధనపాల్ ఆయన మోచెయ్యి గిల్లాడు. "ఉండేదా అని అడుగు, మామా!"

రంగరాజన్ తలపాగా తీసి చేత పట్టుకున్నాడు.

"ఈ పదవి మీ పేరుతో వచ్చింది. ఇచ్చినోళ్ళనే అడగల్ల. నేను వదిలేస్తా ఉండాను. వొద్దనేవాళ్ళుంటే చెప్పండి."

అల వచ్చి వెనక్కి పోయింది. రెండోసారి అడిగాడు. సరుగుడు ఆకుల రొద తప్ప ఏమీ లేదు.

మూడోసారికి ఆయన ముందు వరసలో చివరనున్న బావగారి వైపు తిరిగాడు. ధనపాల్ తండ్రి ఆయన. ధనపాల్ వచ్చినప్పటి నుంచీ అటువైపు చూడలేదు.

"బావా, మనందరిలో నోరున్నోడివి నువ్వే. వీడు నీ కొడుకు. నన్ను ఉండమంటావా? ఒక్క మాట చెప్పు, ఈ కాగితం చించేస్తాను."

ఇప్పుడు ధనపాల్ కూడా చెవి ఒగ్గాడు. చాలాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత వంగి తన చెప్పులు విడిచాడు.

"నాయన ఏమీ అనడు మామా," అన్నాడు. కళ్ళు తుడుచుకోకుండానే వీపు వంచాడు.

ఆ వీపు మీద కాగితం పరిచి రంగరాజన్ సంతకం చేశాడు. తన ఓటర్లందరికీ చేతులెత్తి మొక్కాడు.

ఎన్నికనాటికి వాళ్ళలో ఒక్కరూ బతికి లేరు.