మిద్దె మీద మిరపకాయలు

“ఏమ్మే పద్మా! మిరపకాయల మూట మిద్దె మీద ఏసినా. పోయి తొడిమలు తీయి. నాలుగయ్యేదాకా కిందికి దిగొద్దు!”

రాజ్యలక్ష్మమ్మ గొంతు గోడ దాటి వచ్చింది. పక్కింటి పెరట్లో బట్టలు ఆరేస్తున్న వెంకటలక్ష్మమ్మకు ఒళ్ళు మండింది. డోన్‌లో ఎండాకాలం మధ్యాహ్నమంటే కాకులు కూడా నీడ వెతుక్కుంటాయి. అలాంటి వేళ కొత్త కోడలిని మిద్దె గదిలోకి తోలుతుందా మనిషి!

పద్మప్రియ కర్నూలు పిల్ల. ఇంటి ముందే కిరాణా అంగడి నడిపే నాగసుబ్బయ్య కొడుకు సుదర్శన్‌ను చేసుకుని ఆ ఏడే వచ్చింది. బీఈడీ చదివింది. డీయస్సీ రాసి టీచరు కావాలని ఆశ. పగలంతా ఇంటి చాకిరీ, రాత్రంతా పుస్తకాలు. దాంతో మొదట్లో ఎక్కడ కూర్చుంటే అక్కడ తూగేది. చారులో ఉప్పు వేసిందే మళ్ళీ వేసేది. కోచింగ్ సెంటర్లో పరీక్ష పెడితే పేపరు మీదే తల వాల్చేసిందని సుదర్శనే చెప్పాడు.

ఒకరోజు ఆ పిల్ల పొయ్యి దగ్గర కునికిపాట్లు పడుతుంటే పాలన్నీ పొంగిపోయాయి. నాగసుబ్బయ్య చూడనే చూశాడు. పట్టపగలు ఇంట్లో నిద్రపోతే అంగడికి అచ్చిరాదని ఆయన పట్టింపు.

“ఇంకొకసారి ఈ తూగులాట నా కంటబడితే ఆ పుస్తకాలు చింపి పొట్లాలు కడతా!” అన్నాడు. అన్నంత పనీ చేసే మనిషి.

“చేతికి పని చెప్తే తూగదులే. నాకిడిసిపెట్టు,” అంది రాజ్యలక్ష్మమ్మ.

మరుసటి రోజు నుంచే మిరపకాయలు మొదలయ్యాయి. అంగడిలోంచి మూట రావడం, తొడిమలు తీసి మళ్ళీ అంగడికి పోవడం.

వెంకటలక్ష్మమ్మకు మనసు ఆగక ఒకనాడు తన మిద్దె ఎక్కి చూసింది. ఆ గది తలుపులూ కిటికీలూ బిగించి ఉన్నాయి. “పద్మా! ఓ పద్మా!” అని పిలిచింది. ఉలుకూ పలుకూ లేదు. ఆ ఘాటుకు పిల్ల గొంతు పోయిందేమోనని భయపడింది.

సాయంత్రం పద్మప్రియ కొళాయి దగ్గర కనబడింది. కళ్ళు వాచి ఉన్నాయి. చెంప మీద ఎర్రగా గీతలు.

“ఏడ్చినావామ్మా? కొట్టిందా మీ అత్త?”

“లేదు పెద్దమ్మా. శానా బాగుండా,” అని నవ్వింది.

ఎంత ఓర్పో అనుకుని వెంకటలక్ష్మమ్మ ఇంటికొచ్చి భర్త నారాయణతో వాపోయింది.

“మనకెందుకే? వాళ్ళిల్లు, వాళ్ళ మిరపకాయలు,” అన్నాడాయన.

ఒక ఉదయం రాజ్యలక్ష్మమ్మ అరుగు మీద కూర్చుని వేళ్ళకు వెన్న రాసుకుంటుంటే వెంకటలక్ష్మమ్మ ఉండబట్టలేక, “ఒకరి ఉసురు పోసుకోవద్దు రాజ్యలక్ష్మీ,” అనేసింది. ఆమె నవ్వి ఇంకాస్త వెన్న తీసుకుంది. చేతులకు వెన్న రాసుకునేంత సుకుమారం, కోడలికేమో మిరపకాయలు!

విచిత్రమేమంటే, పద్మప్రియ చిక్కిపోలేదు సరికదా, రోజురోజుకూ కళకళలాడింది. కూనిరాగాలు తీసేది. మామ అంగడి లెక్కలో తప్పు చేస్తే వంటింట్లోంచే దిద్దేది. కోచింగ్ సెంటర్లో అందరికంటే ముందుకొచ్చింది.

“చూసినావా నారాయణా! పని చేస్తే మనిషి ఎట్ల చురుగ్గా ఉంటాడో,” అని నాగసుబ్బయ్య వీధంతా చెప్పుకున్నాడు.

పరీక్షలయ్యాయి. ఒకరోజు సుదర్శన్ నెట్ సెంటర్ నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. పద్మప్రియకు ఉద్యోగం వచ్చింది! నాగసుబ్బయ్య అంగడి ముందు నిలబడి దారిన పోయేవాళ్ళందరికీ మైసూరుపాకు పంచాడు.

వెంకటలక్ష్మమ్మ మాత్రం తిన్నగా వాళ్ళ వంటింట్లోకి నడిచింది.

“రాజ్యలక్ష్మీ, నీ కోడలి ఓర్పుకు దేవుడు కన్ను తెరిచినాడు. ఇంకనన్నా ఆ మిరపకాయల పని మానిపియ్యి తల్లీ!”

రాజ్యలక్ష్మమ్మ అంగడి వైపు ఒకసారి తొంగిచూసి, వంటింటి తలుపు దగ్గరగా వేసింది. ఎర్రగా పొక్కిన తన వేళ్ళు ముందుకు చాపింది.

“తొడిమలు తీసేది నేనేలే అక్కా. మా ఆయన నిద్ర లేయకముందే కానిస్తాండా.”

“మరి ఆ పిల్ల? మధ్యాహ్నమంతా తలుపులేసుకుని పైన ఏం చేస్తాండె?”

రాజ్యలక్ష్మమ్మ గొంతు తగ్గించింది.

“నిద్రపోతాండె.”